పుల్లని ట్యాంకులో ఆగిపోని బ్యాక్టీరియా కోసం

పాలలో 4.5 నుంచి 5 శాతం దాకా లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. తోడు వేసిన పాలు గడ్డ పెరుగయ్యేసరికి అందులో సుమారు పావు వంతే ఖర్చవుతుంది. మిగతాదంతా పెరుగులోనే ఉండిపోతుంది. తినడానికి అంత తిండి మిగిలి ఉండగా బ్యాక్టీరియా నెమ్మదించిందంటే కారణం ఆకలి కాదు. అది తయారు చేసిన లాక్టిక్ యాసిడే దాని చేతులు కట్టేసింది. పులుపును కొలిచే పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 దగ్గరికి దిగేసరికి కణం శక్తిలో పెద్ద భాగం ఆ యాసిడ్‌ను తట్టుకోవడానికే పోతుంది.

ఇంట్లో పెరుగుకు ఇది మేలే. అక్కడ ఆగకపోతే పెరుగు నోట పెట్టలేనంత పుల్లగా మారేది. కానీ లాక్టిక్ యాసిడ్‌ను టన్నుల లెక్కన తీసే ఫ్యాక్టరీకి ఇదే అన్నిటికంటే పెద్ద అడ్డంకి. ఏ సరుకు కోసం బ్యాక్టీరియాను పెంచుతున్నారో, ఆ సరుకే దాన్ని ఆపేస్తుంది.

మక్కలు, నూకలు, సున్నం

ఉత్తర తెలంగాణకు ఈ విషయంతో సంబంధం మక్కల దగ్గర మొదలవుతుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, ఉమ్మడి వరంగల్ జిల్లాల్లో మక్క వానాకాలంలోనూ యాసంగిలోనూ పండుతుంది. వరి సంగతి చెప్పనక్కర్లేదు, ప్రతి రైస్ మిల్లు వెనకా నూకల బస్తాలు ఉంటాయి. మక్క గింజ బరువులో దాదాపు 70 శాతం పిండి పదార్థమే. దాన్ని ఎంజైములతో గ్లూకోజ్‌గా విడగొడితే బ్యాక్టీరియాకు కావాల్సిన తిండి సిద్ధం.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. 100 కిలోల గ్లూకోజ్‌ను ఇథనాల్‌గా మారిస్తే, ఎంత బాగా చేసినా 51 కిలోలకు మించి రాదు. మిగతా 49 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అదే గ్లూకోజ్ లాక్టిక్ యాసిడ్‌గా మారితే సిద్ధాంతపరంగా 100 కిలోలకు 100 కిలోలూ వస్తుంది. ఈ యాసిడ్ ఆహార పదార్థాల నిల్వకూ, మందులకూ, సౌందర్య సాధనాలకూ పనికొస్తుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌కు ముడిసరుకు కూడా ఇదే. పంటకు విలువ జోడించడం గురించి మాట్లాడేటప్పుడు ఇథనాల్ ఒక్కదాన్నే తలుచుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. లాక్టిక్ యాసిడ్‌కు ఆ చర్చలో ఇంకా ఎక్కువ చోటు దక్కాలి.

అయితే ఈ 100 కిలోల లెక్క వెనక సున్నం ఖర్చు దాగి ఉంది. మామూలు పద్ధతిలో ట్యాంకు పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య నిలిపితేనే బ్యాక్టీరియా ఆగకుండా పనిచేస్తుంది. అందుకోసం సున్నం కలుపుతూ ఉంటారు. లాక్టిక్ యాసిడ్ కాస్తా కాల్షియం లాక్టేట్ అవుతుంది. చివర్లో దాన్ని మళ్లీ యాసిడ్‌గా మార్చాలంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ పోయాలి. అప్పుడు జిప్సం అడుగుకు దిగుతుంది. అణుభారాల లెక్క ప్రకారం ఒక టన్ను లాక్టిక్ యాసిడ్‌కు సుమారు 410 కిలోల తడి సున్నం, 545 కిలోల సల్ఫ్యూరిక్ యాసిడ్ పడుతుంది. బయటికొచ్చే జిప్సం 955 కిలోలు. అంటే టన్ను సరుకు తీస్తే దాదాపు టన్ను బురద మిగులుతుంది.

ఈ బురదను చిన్న విషయంగా తీసుకోకూడదు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జనం రోడ్డెక్కారు. పులియబెట్టే పరిశ్రమ ఏది పెట్టాలన్నా వ్యర్థాలు ఎక్కడికి పోతాయి, నీళ్లు ఏమవుతాయి అని ఊళ్లు అడుగుతాయి, అడగాలి కూడా. జిప్సాన్ని సిమెంటుకో పొలాలకో పంపవచ్చని కాగితం మీద రాయడం తేలిక. కానీ అందులో మిగిలిన చక్కెర, బ్యాక్టీరియా ముద్ద వల్ల అది శుభ్రమైన గని జిప్సంలా అమ్ముడుపోదు. అసలు తక్కువ పుట్టేలా చూడటమే సరైన దారి.

యాసిడ్ తట్టుకునే బ్యాక్టీరియా విలువ ఇక్కడే తెలుస్తుంది. లాక్టిక్ యాసిడ్‌కు పీకేఏ అనే కొలత 3.86. పీహెచ్ సరిగ్గా అంతే ఉన్నప్పుడు యాసిడ్‌లో సగం అసలు రూపంలో, సగం లవణ రూపంలో ఉంటుంది. పీహెచ్ 6 వద్ద 99 శాతానికి పైగా లవణమే, అంటే ప్రతి అణువుకూ సున్నం ఖర్చయినట్టే. అదే ట్యాంకును పీహెచ్ 4 వద్ద నడపగలిగితే 42 శాతం యాసిడ్‌కు సున్నం అక్కర్లేదు. జిప్సం 955 కిలోల నుంచి 555 దాకా తగ్గుతుంది. పీహెచ్ 3.5 దాకా దిగితే 290 కిలోలే. ఈ ఆదా బ్యాక్టీరియాను మారిస్తే దొరుకుతుంది.

కణం లోపల ఏం జరుగుతోంది

లవణ రూపంలో ఉన్న లాక్టేట్‌కు విద్యుత్ ఆవేశం ఉంటుంది కాబట్టి కణం పొరను తేలిగ్గా దాటలేదు. అసలు యాసిడ్ రూపానికి ఆవేశం లేదు, అది పొరలోంచి లోపలికి జారిపోతుంది. లోపల పీహెచ్ ఎక్కువగా ఉండటంతో అక్కడ విడిపోయి ఒక ప్రోటాన్‌ను, అంటే పులుపుకు మూలమైన హైడ్రోజన్ అయాన్‌ను, వదులుతుంది. ఆ ప్రోటాన్ కణం లోపలి పీహెచ్‌ను దించుతుంది. వెంట వచ్చిన లాక్టేట్ బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. కాబట్టి దెబ్బలు రెండు. చాలా వివరణలు మొదటిదాన్ని చెప్పి ఆగిపోతాయి, కానీ రెండోదీ అంతే ప్రమాదకరం.

అంకెల్లో చూస్తే అది స్పష్టమవుతుంది. బయట పీహెచ్ 4 ఉండగా కణం తన లోపల పీహెచ్ 7 నిలబెట్టుకోవాలని పట్టుబడితే, లోపల చేరే లాక్టేట్ బయటి గాఢతకు దాదాపు 580 రెట్లు కావాలి. ఏ కణమూ అది భరించలేదు. అందుకే చాలా లాక్టిక్ బ్యాక్టీరియా మొండికేయదు. బయట పీహెచ్ తగ్గుతుంటే లోపలిదాన్నీ కొంత దిగనిస్తుంది. లోపలి పీహెచ్ 5కు దిగితే ఆ 580 రెట్లు కాస్తా 6 రెట్లకు పడిపోతుంది. లోపలి పీహెచ్‌ను ఎలాగైనా 7 దగ్గర నిలపడమే యాసిడ్ సహనం అనుకుని జన్యువులు మార్చడం మొదలుపెడితే దారి తప్పుతాం. లోపల పీహెచ్ కొంత తగ్గినా పనిచేసే ఎంజైములు ఉండటం కూడా సహనమే. ఈ రెండో కోణం మీద ఇంకా చాలా పని జరగాలి.

ప్రోటాన్లను బయటికి నెట్టే పంపు ప్రతి లాక్టిక్ బ్యాక్టీరియాలోనూ ఉంటుంది. అది ఒక ఏటీపీ (కణం తన శక్తిని దాచుకుని ఖర్చు పెట్టే అణువు) ఖర్చు చేసి సుమారు మూడు ప్రోటాన్లను బయటికి పంపుతుంది. ఒక గ్లూకోజ్ అణువు రెండు లాక్టిక్ యాసిడ్ అణువులుగా మారితే కణానికి దక్కేది రెండే ఏటీపీలు. అదే డబ్బుతో ఇల్లూ గడవాలి, పంపూ తిరగాలి. బయట విడి యాసిడ్ పెరిగేకొద్దీ నెట్టేసిన ప్రోటాన్లే మళ్లీ యాసిడ్ మీద ఎక్కి లోపలికి వస్తుంటాయి. సంపాదించిన ఏటీపీ అంతా పంపుకే పోయినప్పుడు పెరుగుదల ఆగుతుంది, ఆ తర్వాత యాసిడ్ తయారీ కూడా నిలిచిపోతుంది.

పంపు కాకుండా కణానికి వేరే ఉపాయాలూ ఉన్నాయి. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొడితే అమ్మోనియా వస్తుంది, అది ప్రోటాన్‌ను పట్టేస్తుంది, పైగా ఒక ఏటీపీ కూడా లాభం. గ్లుటమేట్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని గాబా అనే పదార్థంగా మార్చే చర్యలో ఒక ప్రోటాన్ ఖర్చవుతుంది. ఈ.కోలై లాంటి పేగు బ్యాక్టీరియా కడుపులోని యాసిడ్‌ను దాటి బతకడానికి ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. పొరలోని కొవ్వు ఆమ్లాలు సైక్లోప్రొపేన్ రూపానికి మారితే ప్రోటాన్లు చొరబడటం తగ్గుతుంది. ఆ మార్పు చేసే జన్యువును తీసేసిన ఈ.కోలై తీవ్రమైన యాసిడ్‌లో త్వరగా చనిపోతుందని ప్రయోగాల్లో తేలింది. ఆకారం చెడిన ప్రోటీన్లను మళ్లీ సరిచేసే గ్రోఈఎల్, డీఎన్‌ఏకే లాంటి సహాయక ప్రోటీన్లు కూడా యాసిడ్ తగలగానే పెరుగుతాయి.

వీటన్నిటికంటే ముచ్చటైనది వెనిగర్ బ్యాక్టీరియా పద్ధతి. పొద్దున తీసిన ఈత కల్లు సాయంత్రానికి పులుపెక్కడానికి ఇదీ ఒక కారణం. కల్లులోని ఆల్కహాల్‌ను ఇది ఎసిటిక్ యాసిడ్‌గా మార్చే చోటు కణం లోపల కాదు, పొర బయటి వైపున. యాసిడ్ పుట్టడమే బయట పుడుతుంది. లోపలికి జొరబడినదాన్ని బయటికి పంపే పంపులు ఉన్నాయి, కొంత యాసిడ్‌ను తిండిగానూ వాడేసుకుంటుంది. ఫ్యాక్టరీల్లో ఈ జాతి బ్యాక్టీరియా 10 శాతం దాటిన ఎసిటిక్ యాసిడ్‌లోనూ పనిచేస్తుంది.

ఒక్క జన్యువుతో తేలే పని కాదు

ఇన్ని దారులు ఉన్నప్పుడు ఒక్క జన్యువు పెట్టి సమస్య తీర్చడం కుదరదు. గ్లుటమేట్ దారి జన్యువులను చేర్చితే కొంత లాభం ఉంటుంది, కానీ ట్యాంకులో గ్లుటమేట్ అందించాలి, దానికి ఖర్చుంది. పంపును మరింత బలంగా చేస్తే ఏటీపీ ఖర్చు పెరిగి దిగుబడి పడిపోవచ్చు. గ్లూటాథయోన్, ట్రెహలోజ్ లాంటి రక్షక పదార్థాలను కణం చేత తయారు చేయిస్తే ప్రోటీన్లు కొంత నిలదొక్కుకుంటాయి, అయితే వాటి తయారీకీ శక్తి పోతుంది.

అందుకే ఎక్కడ ఏం మార్చాలో ముందే నిర్ణయించకుండా బ్యాక్టీరియాకే వదిలేసే పద్ధతులు ఈ విషయంలో బాగా పనిచేశాయి. 2002లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన ఒక పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. మ్యుటేషన్లతో కొంచెం మెరుగుపడిన లాక్టోబాసిల్లస్ రకాలను తీసుకుని, వాటి గోడలు కరిగించి, కణాలను ఒకదానితో ఒకటి కలిపేసి, జన్యువులు తారుమారయ్యేలా చేశారు. దీన్ని జీనోమ్ షఫ్లింగ్ అంటారు. అలా పుట్టిన రకాల్లో కొన్ని అసలు రకం పెరగలేని తక్కువ పీహెచ్‌లో పెరిగాయి. కొన్ని పీహెచ్ 4 వద్ద అసలు రకం కంటే మూడు రెట్ల లాక్టిక్ యాసిడ్ ఇచ్చాయి. ఏ ఒక్క జన్యువును మార్చినా ఇంత ఫలితం ఆశించడం కష్టం.

రెండో దారి ప్రయోగశాల పరిణామం. బ్యాక్టీరియాను వారాల తరబడి, నెలల తరబడి పెంచుతూ పీహెచ్‌ను కొద్దికొద్దిగా దించుతారు. తట్టుకున్న కణాలే మిగులుతాయి. లాక్టిక్ బ్యాక్టీరియా విషయంలో దీనికి ఒక సహజమైన అనుకూలత ఉంది. అది బతకడానికి కావాల్సిన ఏటీపీ చాలావరకు యాసిడ్ తయారీ నుంచే వస్తుంది. అంటే పుల్లటి చోట వేగంగా పెరిగే కణాన్ని ఎంచుకుంటే, పుల్లటి చోట వేగంగా యాసిడ్ చేసే కణాన్నీ ఎంచుకున్నట్టే. ఈ.కోలైతో ఇంకేదైనా రసాయనం తీయాలంటే ఈ సుఖం ఉండదు. అక్కడ ఆ సరుకును వదిలేసిన కణాలే గెలిచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అయినా మెలకువ కావాలి. నిరంతరంగా పోషకాలు పంపే గాజు పాత్రల్లో కొన్ని రకాలు గోడకు అంటుకుని పెరగడం నేర్చుకుంటాయి. నీళ్లతో పాటు కొట్టుకుపోవు కాబట్టి గెలిచినట్టు కనిపిస్తాయి, కానీ వాటి సహనం ఏమీ పెరగలేదు. పోషకాల ద్రావణంలో ఆర్జినిన్ దండిగా ఉంటే అమ్మోనియా చేసే తెలివి మాత్రమే పెరగవచ్చు. ఆ రకాన్ని తీసుకెళ్లి మక్క పిండి ద్రావణంలో వేస్తే ఆ తెలివికి అక్కడ పని ఉండదు. కాబట్టి ఏ ద్రావణంలో చివరికి పనిచేయాలో అందులోనే పెంచాలి.

బతకడం, పనిచేయడం

ఈ రంగంలో ఎక్కువగా జరిగే పొరపాటు కొలతలో ఉంది. బ్యాక్టీరియాను పీహెచ్ 2 లేదా 3 ద్రావణంలో రెండు మూడు గంటలు ఉంచి, ఆ తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టడం చాలా ల్యాబుల్లో కనిపించే పద్ధతి. కడుపులోంచి ప్రాణాలతో దాటాల్సిన ప్రోబయాటిక్‌కు ఈ పరీక్ష సరైనదే. ఫ్యాక్టరీ ట్యాంకుకు కాదు. పెరగడం ఆపేసి ముడుచుకున్న కణాలు చురుగ్గా పెరుగుతున్న కణాల కంటే సహజంగానే ఎక్కువ యాసిడ్ తట్టుకుంటాయి. బతికినవాటినే ఎంచుకుంటూ పోతే మిగిలేవి సోమరి రకాలు కావచ్చు. ట్యాంకులో కావాల్సింది శవం కాకుండా ఉండటం ఒక్కటే కాదు, పీహెచ్ 4 వద్ద గంటకు లీటరుకు ఎన్ని గ్రాముల యాసిడ్ ఇస్తోందన్నది.

రెండో లోపం పీహెచ్ దించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడటం. పీహెచ్ మీటరుకు రెండూ ఒకటే, కణానికి కాదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ నీళ్లలో పూర్తిగా విడిపోతుంది, అది లాక్టిక్ యాసిడ్‌లా పొరను దాటి లోపలికి జారదు. లాక్టేట్ పేరుకునే ఇబ్బంది అసలే ఉండదు. అలా ఎంచుకున్న రకం లీటరుకు 80, 100 గ్రాముల లాక్టిక్ యాసిడ్ ఉన్న ట్యాంకులో చతికిలబడితే ఆశ్చర్యం లేదు. పరీక్షలో వాడే యాసిడ్ తయారయ్యే యాసిడే కావాలి, గాఢత కూడా అంతే ఉండాలి.

మక్క పిండితో పనిచేసేవారికి తక్కువ పీహెచ్ వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. పిండి పదార్థాన్ని గ్లూకోజ్‌గా మార్చే గ్లూకోఅమైలేజ్ ఎంజైము పీహెచ్ 4.5 దగ్గర, 55 నుంచి 60 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తుంది. మామూలు లాక్టిక్ బ్యాక్టీరియాకు పీహెచ్ 6, 40 డిగ్రీల చుట్టూ వేడి కావాలి. ఇద్దరికీ పొత్తు కుదరదు కాబట్టి ముందు ఒక ట్యాంకులో గ్లూకోజ్ చేసి, చల్లార్చి, ఇంకో ట్యాంకులో పులియబెడతారు. పీహెచ్ 4.5లో 50 డిగ్రీల వద్ద పనిచేసే బ్యాక్టీరియా ఉంటే రెండు పనులూ ఒకే ట్యాంకులో సాగుతాయి. గ్లూకోజ్ పుట్టగానే ఖర్చవుతుంది, చల్లార్చే నీళ్లు మిగులుతాయి. మే నెలలో రామగుండం, వరంగల్ వైపు ఎండలు 44 డిగ్రీలు దాటే చోట ట్యాంకును 40 డిగ్రీలకు దించడమంటే కరెంటు, నీళ్లు రెండూ ధారపోయడమే. వేడినీ పులుపునీ ఓర్చుకునే ట్యాంకులో వేరే సూక్ష్మజీవులు చేరడమూ కష్టం.

బాసిల్లస్ కోయాగులన్స్ 50 డిగ్రీల పైనే హాయిగా పనిచేసి శుద్ధమైన ఎల్ రకం లాక్టిక్ యాసిడ్ ఇస్తుంది (ఈ యాసిడ్ అణువు అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఎల్, డీ అనే రెండు రూపాల్లో ఉంటుంది). దాని బలహీనత పులుపే, దానికి పీహెచ్ 6కు దగ్గరగా ఉంటేనే ఊపు. వేడికి అలవాటుపడిన ఇలాంటి రకానికి పులుపు నేర్పడం, పులుపు తట్టుకునే రకానికి వేడి నేర్పడం కంటే మెరుగైన ఆరంభం.

ఈస్ట్ గట్టి పోటీదారు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం బ్లెయిర్ పట్టణంలో కార్గిల్ సంస్థ జన్యువులు మార్చిన ఈస్ట్‌తో తక్కువ పీహెచ్‌లోనే లాక్టిక్ యాసిడ్ తీస్తోంది. ఈస్ట్‌కు పీహెచ్ 3 కొత్త కాదు, విటమిన్లు, అమైనో ఆమ్లాల కోసం అది బ్యాక్టీరియాలా పేచీ పెట్టదు. ప్లాస్టిక్ కోసం భారీగా తీసే యాసిడ్‌లో ఈస్ట్ ముందుందని ఒప్పుకోవాలి. బ్యాక్టీరియాకు వేగం ఉంది, వేడిని ఓర్చుకునే జాతులు ఉన్నాయి, పెరుగులో తరతరాలుగా తింటున్న చరిత్ర ఉంది. చిన్న, మధ్య స్థాయి ఫ్యాక్టరీకి ఇవి తక్కువ విషయాలు కావు.

అన్ని చోట్లా ఎక్కువ సహనమే మంచిదని కూడా కాదు. డెయిరీలకు దీనికి ఉల్టా కావాలి. పెరుగు ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉన్నా బల్గేరికస్ జాతి బ్యాక్టీరియా మెల్లగా యాసిడ్ చేస్తూనే ఉంటుంది, వారానికి పెరుగు పుల్లనవుతుంది. ముల్కనూరు మహిళా డెయిరీ లాంటి సహకార సంఘం అయినా, పెద్ద కంపెనీ అయినా పెరుగుకు ఎంచుకోవాల్సింది సరైన సమయంలో ఆగిపోయే తోడునే. పాడి రైతుకు మాత్రం మళ్లీ సహనం కావాలి. పచ్చి మక్కను ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేసే సైలేజ్‌లో సున్నం కలిపేవారు ఎవరూ ఉండరు. పీహెచ్ దానంతటదే 4 దగ్గరికి దిగాలి, అప్పుడే పాడుచేసే క్లాస్ట్రీడియా ఆగుతుంది. అంత పులుపులోనూ చురుగ్గా ఉండే బుక్నెరై అనే జాతి కొంత లాక్టిక్ యాసిడ్‌ను ఎసిటిక్ యాసిడ్‌గా మారుస్తుంది. పాతర తెరిచాక బూజు, ఈస్ట్ పట్టకుండా అదే కాపాడుతుంది.

వరంగల్‌లో 1959 నుంచి ఉన్న ఎన్ఐటీలో బయోటెక్నాలజీ విభాగం ఉంది, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ చదువు ఉంది. ప్రయోగశాల పరిణామానికి కోట్ల ఖరీదు చేసే యంత్రాలు అక్కర్లేదు. పీహెచ్ నియంత్రించే చిన్న ఫర్మెంటర్ (పులియబెట్టే పాత్ర), పంపు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, కరెంటు పోయినా ఆగని బ్యాకప్ ఉంటే మొదలుపెట్టవచ్చు. మొదటి రకాన్ని చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం లాంటి జాతీయ సూక్ష్మజీవుల భాండాగారాల నుంచి తెచ్చుకోవచ్చు. దానితో పాటు ఈత కల్లు, పులిసిన అంబలి, ఎండాకాలం సైలేజ్ పాతరల నుంచి కూడా వెతకాలి. 40 డిగ్రీలు దాటిన వేడిలో పులుపుతో కలిసి బతికే సూక్ష్మజీవులు ఇక్కడ పుట్టి పెరిగినవే.

దొరికిన రకాన్ని ట్యాంకుకు పంపే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉంచి తీసి, యాసిడ్ ఒత్తిడి లేకుండా పదుల తరాలు పెంచాక కూడా ఆ సహనం మిగిలి ఉందా అన్నది ఒకటి. ఒత్తిడి వల్ల వచ్చిన తాత్కాలిక అలవాటు అప్పుడు జారిపోతుంది, జన్యువులో నిలిచిన మార్పు మిగులుతుంది. వచ్చే యాసిడ్ ఎల్ రకమా, డీ రకమా, రెండూ కలిసిందా అన్నది రెండోది. ప్లాంటారమ్ లాంటి జాతులు రెండూ కలిపే ఇస్తాయి. పీఎల్ఏ తయారీకి ఆ మిశ్రమం పనికిరాదు, అది ఎంత పులుపును తట్టుకునే రకమైనా సరే.